కుడివైపుకి ఎడమ మడ్‌గార్డు

ముందు మాటియ్యండి, నవ్వనని. ఇవ్వరా? సరే, నవ్వండి. మొన్న శనివారం పెళ్ళిలో సగం రాయగడ నవ్వింది, మీరొక్కరూ మిగిలిపోవడం ఎందుకు!

మన డాక్టరు గారి ఎర్రకారు ఎరుగుదురు కదా. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకి జానెడెత్తు. ఎవరో దొర ఇంజినీరు తన దేశం ఎళ్ళిపోతూ అమ్మేసిన పాత స్పోర్ట్స్ కారు. జీపులూ అంబాసిడర్లూ తప్ప మరోటి తెలీని ఊళ్ళో అది వస్తంటే జనం సంతలో బేరాలు ఆపి సూస్తారు. వాళ్ళమ్మాయి సుగుణ సిన్నప్పట్నుంచీ ఒకటే మాట, "పెళ్ళినాడు చర్చికి ఇందులోనే ఎళ్తాను" అని. తీరా పెళ్ళి మూడు వారాలుందనగా, ఘాటీ కొండరోడ్డు దిగుతూ గేదె అడ్డొస్తే డాక్టరు గారు కారుని చెట్టుకి కొట్టేసేరు! దేవుడి దయ, ఆయనకేటీ కాలేదు. కుడివైపు ముందు మడ్‌గార్డు మాత్రం అప్పడమైపోయింది.

"దేవదానం, ఈ పార్టు మన దేశంలో దొరకదయ్యా. నువ్వే చెయ్యాలి" అన్నారు.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మరి, పద్దెనిమిదేళ్ళ రేకుపని సర్వీసు! మా వర్క్‌షాపులో రూలొకటే. పాత ముక్క ఒకటి శాంపిల్ అని పంపుతారు. అచ్చం అలాంటిదే ఇంకోటి సెయ్యాలి. వెంట్రుకంత తేడా ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో ఎనక్కి కొట్టేస్తారు. నా పని ఒక్కటీ ఎనక్కి రాలేదు.

కుడిది అప్పడమైంది కదా, అందుకని శాంపిల్‌కి ఎడమది ఇప్పి ఇంటికి తెచ్చుకున్నాను. అట్ట మీద గీత గీసి, రేకు కోసి, రోజూ డ్యూటీ దిగేక పెరట్లో టక్ టక్ టక్! మా ఆవిడ మరియమ్మ సెవుల్లో దూది పెట్టుకుని వండేది. మూడోవారం ఎర్రరంగు కూడా కొట్టేసి రెండూ పక్కపక్కన పెట్టేను. అచ్చం కవలపిల్లలే! ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలీలేదంటే నమ్మండి.

శుక్రవారం సాయంత్రం డాక్టరు గారి షెడ్డుకి పట్టుకెళ్ళేను. ఇంటిల్లిపాదీ వచ్చి సుట్టూ నిలబడ్డారు. ఎడమది పెట్టేను, టక్కున కూకుంది. కుడిది ఎత్తేను. కూకోదే! ముందుది ఎనక్కి తిప్పేను. ఎనకది ముందుకి తిప్పేను. తలకిందులు కూడా సేసేను. వంపు టైరు మీదకి రమ్మంటే ఇంజను మీదకి పోతాది!

డాక్టరు గారు కళ్ళజోడు తీసి, తుడిసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"దేవదానం, ఇది కూడా ఎడమదే కదూ?"

అప్పుడు ఎలిగింది నాకు. కుడిదానికైతే అట్టని తిరగేసి గీయాలి! శాంపిల్ ఎలాగుంటే అలాగ సేసేను, ఇన్‌స్పెక్షన్ అయితే ఫస్టు క్లాసులో పాసు!

"పర్లేదులే. ఈసారి గుద్దితే ఎడమవైపే గుద్దుతాను" అన్నారాయన.

అందరూ నవ్వేరు, సుగుణ నవ్వలేదు. "రేపెలాగ మావా?" అంది, కళ్ళనిండా నీళ్ళు. నిజం సెప్తున్నాను, నాకు భూమిలోకి పోవాలనిపించింది. తెల్లారి పదింటికి పెళ్ళి, మళ్ళీ సెయ్యాలంటే ఇంకో మూడు వారాలు.

ఇంటికొచ్చి తల పట్టుకుంటే మరియమ్మ అంది, "కారుకి ఎలాగూ పూలు కడతారు కదా. పూలకింద రేకుంటే ఏటి, బుట్టుంటే ఏటి?"

పొద్దున్నే సంతవీధికెళ్ళి, బుట్టలల్లే ముసలమ్మని బతిమాలి తీసుకొచ్చేను. వెదురుబద్దలు పరుసుకుని కారు పక్కన సతికిలబడింది. ఎడమ మడ్‌గార్డు తడిమి సూసింది. కత్తి తీసింది. తీసి, పని మొదలెట్టకముందే, ఇక్కడి కొండోళ్ళు మాటాడే దేశియా భాషలో నన్నడిగింది.

"ఏ పక్కకి బాబూ?"

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న నేనొక్కసారీ అడగలేదు.

రెండు గంటల్లో అల్లేసింది. కారుకున్న బోల్టు బెజ్జాల్లో తీగ పెట్టి కట్టేను. వెంట్రుకంత తేడా లేదు! దానిమీద బంతిపూల దండలు సుట్టేసరికి ఎడమదాని కంటే అదే అందంగా ఉంది. సుగుణ తెల్లచీర సర్దుకుని ఎక్కి, చర్చిదాకా దారంతా సెయ్యి ఊపుతూనే ఉంది. నాకప్పుడు ఊపిరాడింది.

భోజనాల దగ్గర డాక్టరు గారు లేచేరు. "మా అమ్మాయి కోరిక తీరిందంటే ఆ మడ్‌గార్డు చేసిన చేతుల వల్లే. ఆ పనిమంతుల్ని ఒక్కసారి లేచి నిలబడమంటున్నాను!"

నేను సెయ్యి తుడుసుకున్నాను. సొక్కా సర్దుకున్నాను. లేచి, నాలుగువైపులా తిరిగి దండం పెట్టేను.

ఆయన సూపిస్తంది నా ఎనక వరసలో కూకున్న బుట్టల ముసలమ్మని!

మరియమ్మ కింద నుంచి "కూకో, కూకో" అని పంచె లాగుతాంది. ఎలాగూ లేచిపోయేను కదా, ఏటి సెయ్యమంటారు? అందరికంటే గట్టిగా సప్పట్లు నేనే కొట్టేను.