మా బాపు జుట్టు పెంచిన ఏడాది

మా బాపుకు జుట్టంటే ప్రాణం. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ పని, పొద్దంతా బస్తాలు మోసే మనిషి. అయినా చొక్కా జేబులో దువ్వెన లేకుండా ఇల్లు కదిలేవాడు కాదు. తలకు నూనె రాసుకొని, ఎడమ పక్కన పాపిట తీసుకొని, అద్దం ముందు అంతసేపు నిలబడితే అమ్మకు ఒళ్లు మండేది.

"పెండ్లిచూపులకు పోతున్నవా, బస్తాలు మొయ్య పోతున్నవా?" అనేది. బాపు నవ్వేవాడే గానీ దువ్వెన దించేవాడు కాదు.

అలాంటి మనిషి ఏడాది పాటు కత్తెర ముట్టలేదు. సరిగ్గా ఆ ఏడాదే నా పెళ్లి. ఇప్పుడు నేను ఘనపూర్ దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. నా ఫోనులో పెళ్లి ఫోటో చూసినవాళ్లు "పక్కన ఈ సాధువు ఎవరు?" అని అడుగుతుంటారు. మా బాపే అని చెప్పి, పని పక్కన పెట్టి మరీ కథంతా వినిపిస్తాను.

మా ఊరు కేసముద్రానికి దగ్గర. మేం మాదిగ వాడ వాళ్లం. ఊరి మంగలి మా వాడలో ఏనాడూ అడుగుపెట్టి ఎరగడు. మా మగవాళ్లు ఒకరికొకరు కత్తిరించుకునేవాళ్లు, లేదంటే కేసముద్రం పోయి చేయించుకునేవాళ్లు. అక్కడ ఎవరిదే కులమో ఎవరూ అడగరు. ఇంతలో మంగలి ఊరి సెంటర్లో కొత్తగా కటింగ్ షాపు పెట్టాడు. తిరిగే కుర్చీ, గోడంత అద్దం. ఆ అద్దం రోడ్డు మీదికి కనిపించేది, బాపు దాన్ని చూసి ఆగలేకపోయాడు. ఒక ఆదివారం పొద్దున్నే స్నానం చేసి షాపుకు వెళ్లాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. మంగలి మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు కేసముద్రం పోరాదే," అన్నాడట మెల్లగా. "నిన్ను కూసోబెడితే పటేండ్లు మల్ల గీ కుర్చీల కూసోరు. షాపు గది గూడ ఆళ్లదే."

బాపు అరవలేదు. "సరే తమ్మి. నువ్వు చేసిననాడే చేపిచ్చుకుంట. అప్పటిదాంక కేసముద్రంల గూడ చేపిచ్చుకోను," అని చెప్పి ఇంటికొచ్చాడు.

బాపు అరవకపోతేనేం, ఆ వాటా కూడా నేనే అరిచాను. అప్పుడు నేను మానుకోటలో ఒక ప్రైవేటు దవాఖానలో పనిచేస్తున్నాను, చట్టాలు తెలుసని నాకు గొప్ప. కేసు పెట్టాల్సిందే అన్నాను. వాడలో చాలామంది అదే అన్నారు. బాపు ఒప్పుకోలేదు.

"కేసు పెడితే లోపలికి పొయ్యేది మంగలోడు. వద్దన్నోళ్లు ఇంట్ల కూసుంటరు. వాడు గూడ మన లెక్క భయపడి బతికేటోడే గదనే. నాకు వాడు జైల్ల ఉండుడు వద్దు. కత్తెర పట్టుకొని నా ఎనక నిలబడాలె."

ఆ మాటతో వాడలో మగవాళ్లంతా కటింగ్ బంద్ పెట్టారు. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే నేరుగా వెళ్లి షాపు ఎదురుగా ఉన్న కల్వర్టు గోడ మీద కూర్చునేవాళ్లు. నినాదాల్లేవు, జెండాల్లేవు. కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా బాపు లేచి వెళ్లి "తమ్మి, నా వంతు వచ్చిందా?" అని అడిగేవాడు. మంగలి కళ్లు దించుకొని తల అడ్డంగా ఊపేవాడు. "మంచిది," అని బాపు తిరిగొచ్చి కూర్చునేవాడు. ఒక ఆదివారం గోడ మీద ఎవరో కాలిన ఇంజన్ ఆయిల్ పోసిపెట్టారు. మావాళ్లు ఆ రోజంతా నిలబడ్డారు. మరుసటి ఆదివారం యార్డు నుంచి ఖాళీ గోనెసంచులు తెచ్చి పరుచుకొని కూర్చున్నారు.

జుట్లు పెరిగాయి. పత్తి సీజన్ వచ్చేసరికి యార్డులో ఎగిరే దూదంతా బాపు గడ్డంలోనే చిక్కుకునేది. తోటి హమాలీలు బాబాగారని దండాలు పెట్టేవాళ్లు. ఇంట్లో అమ్మ రబ్బరు బ్యాండ్లు ఒక్కటొక్కటే మాయమయ్యాయి. "ఇదివరకు నూనె సీస ఇద్దరు ఆడోళ్లకు సాలేది. ఇప్పుడు ముగ్గురమైనం," అని అమ్మ సాగదీసేది. తిడుతూనే రాత్రి అన్నాలయ్యాక ఆయన జుట్టు చిక్కు తీసేది.

నవ్వులాట ఒక్కటే అయితే బాగుండేది. ఊళ్లో భూములన్నీ ఉన్న పటేళ్లు మా వాడ ఆడవాళ్లను పత్తి ఏరడానికి పిలవడం మానేశారు. వాళ్లు పక్క ఊళ్లకు ఆటోల్లో కుక్కుకొని వెళ్లాల్సి వచ్చింది. అయినా ఒక్క ఇంటి నుంచి కూడా "ఇంక చాలు" అన్న మాట రాలేదు.

అప్పుడే దేవరుప్పుల వైపు సంబంధం కుదిరింది. పెళ్లి దగ్గర పడుతుంటే నాకు బెంగ పట్టుకుంది. పెళ్లి ఫోటోలు జన్మంతా ఉంటాయి. పాపిట తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న బాపు నా పక్కన ఉండాలని చిన్నప్పటి నుంచి నా కోరిక. ఆ మాటే అడిగాను.

"జుట్టు నాదే గని పెండ్లి నీది బిడ్డా," అన్నాడు. "నువ్వు చెయ్యమంటే పొద్దుగాలనే కేసముద్రం పోత. మనసుల ఏం పెట్టుకోను."

భారమంతా నా నెత్తిన పెట్టి తను హాయిగా పడుకున్నాడు. నాకు కోపంతో నిద్ర పట్టలేదు.

పెళ్లికి వారం ఉందనగా బస్సు దిగి ఇంటికొస్తున్నాను. కిరాణా కొట్టు ముందు షాపు గది యజమాని, ఒక పటేలు, నలుగురిని పోగేసుకొని మాట్లాడుతున్నాడు. నన్ను చూడలేదు.

"ఇంక ఎన్ని రోజులు తియ్. బిడ్డ పెండ్లి రానే వచ్చె. సుట్టాల ముంగట గట్లనే నిలబడ్తడా? కేసముద్రం బస్సెక్కుతడు సూడు. ఆడు చేపిచ్చుకున్ననాడే మిగిలినోళ్లందరు చేపిచ్చుకుంటరు."

నా పెళ్లి కోసం మాకంటే వాళ్లే ఎక్కువ ఎదురుచూస్తున్నారన్నమాట. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. చెప్పులు కూడా విడవకుండా బాపు ముందు నిలబడ్డాను.

"బాపు, కత్తెర ముట్టినవంటే నేను చర్చిల అడుగు పెట్ట. గిట్లనే రావాలె," అన్నాను.

బాపు నా చేతిలో సంచి తీసుకొని లోపల పెట్టి వచ్చాడు.

పెళ్లి రోజు పొద్దున నా చీర కట్టుకోకముందే ఆయన తల దువ్వాను. నూనె పెట్టి, వెనక్కి తీసి ముడి వేశాను. ఎన్ని తెల్ల వెంట్రుకలు వచ్చాయో అప్పుడే చూశాను. ఆ తలను ఎంత ప్రేమించానో నాకే తెలుసు. ఊరేగింపు షాపు ముందు నుంచే వెళ్లింది. మంగలి గుమ్మంలో ఉన్నాడు. బాపు నవ్వుతూ దండం పెట్టాడు. మంగలి లోపలికి వెళ్లిపోయాడు.

పెళ్లిలో మా మామ, అంటే పెళ్లికొడుకు తండ్రి, ఈ సంగతి తెలుసుకొని బాపు గడ్డాన్ని కాసేపు చూసి, తన నున్నటి గడ్డం తడుముకున్నాడు. "మా ఊళ్లె గూడ గిసొంటి షాపు ఒకటున్నది బావా. మాకు గీ ఆలోచన రాకపాయె," అన్నాడు.

పెళ్లైన కొద్ది వారాలకు ఒక ఆదివారం బాపు ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే వంతు అడగడానికి వెళ్తే మంగలి కుర్చీ తుడిచి "రా అన్నా" అన్నాడట. "పెండ్లిబిడ్డ తండ్రిని గట్ల పంపిన. ఆనాటి సంది పని మీద మనసు పడ్తలేదు. గది ఖాళీ చెయ్యమంటే చేస్త, రోడ్డు మీద కుర్చీ ఏసుకుంట," అన్నాడట. బాపు మాత్రం కూర్చోలేదు. "జర ఆగు తమ్మి, నా బిడ్డ రావాలె," అని నాకు ఫోన్ చేశాడు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. మంగలి అన్నట్టే గది పోయింది. కల్వర్టు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. కొన్నాళ్లు పటేళ్లే కటింగ్ కోసం కేసముద్రం బస్సెక్కారు. విసుగొచ్చి ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

ఆ ఆదివారం రెండు బస్సులు మారి వెళ్లేసరికి వాడంతా రోడ్డు మీదే ఉంది. బాపు కుర్చీలో కూర్చున్నాడు. మంగలి ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టి అడిగాడు.

"ఎట్ల చెయ్యాల్నే అన్నా?"

ఏడాది పొడుగునా ఎలా చేయించుకుంటాడో మాకు వర్ణించి వర్ణించి చెప్పిన మనిషి, ఆ మాట నన్నే చెప్పమన్నట్టు అద్దంలో నా వైపు చూశాడు.

"పెండ్లికి పొయ్యేటోని లెక్క చెయ్యన్నా," అన్నాను గుమ్మంలోంచి.

బాపు గుడ్డ కింద జేబు తడుముకొని తన దువ్వెన తీసి ఇవ్వబోయాడు. తన తలకు తన దువ్వెనే వాడతారని అనుకున్నాడు.

"అది జేబుల పెట్టుకో అన్నా," అన్నాడు మంగలి. అద్దం కింద నుంచి షాపు దువ్వెన తీశాడు. అందరి తలలూ దువ్వే దువ్వెన. దానితోనే బాపు చిక్కు తీయడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు.