బాపు కారు కదలని పొద్దు

మా బాపుకు కోపం వస్తే నోరు మూతపడేది. కూరలో ఉప్పెక్కువైతే కేకలేసే మగవాళ్లు మా సిరోంచలో ఇంటింటికీ ఉండేవాళ్లు. ఆయన మాత్రం ఒక్క మాటా అనకుండా తిని లేచి, ఉప్పు డబ్బా తీసుకుపోయి గడ్డివాములో దాచేవాడు. మేం ఇల్లంతా తిరగేసి, అది దొరికాక గానీ ఆయనకు కోపం వచ్చిందని తెలిసేది కాదు. ఆ పద్ధతి చూసి అవ్వ, అంటే మా అమ్మ, నవ్వేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. "బాపూ, నోరున్నది గదా, చెప్పరాదా?" అని మొహమ్మీదే అడిగేదాన్ని. మీసాల్లో నవ్వుకుని పొలం దారి పట్టేవాడు.

ఎనభైల నడుమ ఒక ఏడు ప్రాణహిత ఒడ్డున మా వరి బాగా పండింది. ఆ సంబరంలో చాందా పట్నం పోయి ఒక పాత తెల్ల అంబాసిడర్ కొనుక్కొచ్చాడు. పొద్దున లేస్తూనే పాత పంచె ముక్కతో దాని అద్దాలు తుడిచేవాడు. "నా మొకమెన్నడన్నా గంత మంచిగ సూసినవా?" అని అవ్వ దెప్పేది. నడపడం ఆయనకూ మా అన్నకూ వచ్చు. కానీ తాళం చెవి గూట్లో ఉన్నంత మాత్రాన బండి అందరిదీ కాదని ఆయన లెక్క.

ఆ ఏడు ఎండాకాలం నేను అత్తగారింటి నుంచి వచ్చి ఉన్నప్పుడు, అన్న దోస్తులను ఎక్కించుకుని అడగకుండా అహేరి పోయి, మర్నాడు దుమ్ము కొట్టుకుపోయిన కారుతో వచ్చాడు. బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. అన్న బతికిపోయాననుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున బాపు పశువుల కొట్టం దగ్గర కూలిపోయాడు. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. ఇంటికొచ్చి చూసిన డాక్టరు పక్షవాతమన్నాడు, ఆలస్యం చేయకుండా చాందా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. పొద్దుటి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. కలప లారీలు అడవిలో ఉన్నాయి. అయినా మాకు భయం వేయలేదు. కారు వాకిట్లోనే ఉంది కదా!

బాపు ఒంటి మీది అంగీ చెమటకు తడిసి, మట్టి అంటుకుని ఉంది. ఊరు దాటేటప్పుడు ఉతికిన బట్ట వేసుకోవడం మా ఇంట్లో వాడుక, అది దవాఖానకైనా సరే. అవ్వ ఆ అంగీ విప్పబోతే బాపు ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "చాందాల పెద్ద డాక్టర్లుంటరు. గీ మాసిన అంగీతోని పోతవా?" అని పసిపిల్లాడిని బుజ్జగించినట్టు బుజ్జగించి విప్పేసింది. ఉతికిన అంగీ తొడిగి, పాతది బకెట్లో నానబెట్టింది. ఇంత ఆపదలోనూ బట్టలు నానేసే మనిషి ఆమె.

వెనక సీట్లో బాపును పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. అన్న సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గిర్రున తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. తిరగడానికి తిరుగుతోంది, పట్టుకోవడం లేదు.

బాపుకు ఆడుతున్నది ఎడమ చెయ్యి ఒక్కటే. దాంతో గుండె మీద తట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్న సెల్ఫ్ కొట్టినప్పుడల్లా తట్టేవాడు. "గుండెల నొస్తున్నట్టున్నది," అని అవ్వ ఏడుస్తూ ఆ చెయ్యి పక్కకు తీసి, రొమ్ము రుద్దింది. ఆయన ఆమె చెయ్యి తోసేసి మళ్లీ తట్టాడు. ఆమె మళ్లీ రుద్దింది.

అన్న బానెట్ ఎత్తి పెట్రోలు పైపు ఊది చూశాడు. ప్లగ్గులు తీసి తుడిచాడు. వాడకట్టంతా పోగైంది. ఎన్నడూ కారెక్కని వాళ్లు కూడా తలా ఒక సలహా పడేశారు. అందరూ కలిసి వీధి చివరిదాకా తోశారు, మళ్లీ వాకిట్లోకి తోసుకొచ్చారు. లోపల కూర్చున్న నాకు ప్రతి కుదుపుకూ బాపు తల ఒళ్లో అటూ ఇటూ ఊగేది. వాళ్లందరినీ తిట్టాలనిపించింది.

చివరికి బస్టాండు దగ్గర బండ్లు బాగుచేసే చాచాను పిలుచుకొచ్చారు. ఆయన, బాపు చిన్ననాటి స్నేహితులు. వస్తూనే బాపు నుదుటి మీద చెయ్యి పెట్టి, "జర ఓపిక పట్టు యార్," అని బానెట్ కింద దూరాడు. ప్లగ్గు వైరు ఇంజనుకు దగ్గరగా పట్టుకుని అన్నను సెల్ఫ్ కొట్టమన్నాడు. నిప్పు రాలేదు. కాయిల్ నుంచి వచ్చే వైరు పట్టుకుని కొట్టమన్నాడు. టపటపమని నిప్పు రాలింది.

"గిక్కడిదాక కరెంటొస్తుంది. ప్లగ్గులకు పోతలేదు. నడుమనే ఏదో అయ్యింది," అని, కరెంటు పంచే నల్ల డబ్బా మూత తీశాడు. తీసి అలాగే నిలబడ్డాడు.

"రోటర్ ఏది?"

ఎవరికీ అర్థం కాలేదు. లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు కరెంటు అందించే చిన్న ముక్క అది. "అది ఊడి పడిపోయేటిది కాదు. ఎవలో తీసిన్రు," అన్నాడు చాచా. "బండి ఎవలు తీస్కపోకుంట కొందరు దాన్ని తీసి జేబుల ఏసుకుంటరు."

ఆ మాటకు అవ్వ రుద్దుతున్న చెయ్యి ఆగింది. బాపు చెయ్యి వచ్చి అంగీ జేబు మీద పడింది. ఉతికిన అంగీ జేబు, ఖాళీది. అన్న కారు పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను బాపు తల అవ్వ ఒళ్లోకి మార్చి బకెట్ దగ్గరికి పరుగెత్తాను. సబ్బు నీళ్లలో అంగీ, అంగీ జేబులో రోటర్.

చాచా దాన్ని తన రుమాలుతో తుడిచి, ఆరేదాకా ఊది బిగించాడు. మొదటి సెల్ఫ్‌కే ఇంజను అంటుకుంది. ఆ చప్పుడు వినగానే బాపు చెయ్యి తట్టడం ఆపేసి, మెల్లగా జారి సీటు మీద పడింది. అవ్వ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇక ఎక్కడా వదల్లేదు.

అల్లపల్లి దాటి, టేకు చెట్ల మధ్య ఆష్టి దారిలో పోతుండగా బాపు ప్రాణం పోయింది. ముందుగా అవ్వకే తెలిసింది. "బండి ఆపు కొడుకా," అంది, అంతే.

అంతసేపు ఆగకుండా ఉంటే బతికేవాడా అని తర్వాత మా డాక్టరును అడిగితే, చెప్పలేనన్నాడు. అన్న ఆ మాట పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నాకు ఆ మాట సరిపోలేదు. చనిపోయిన మనిషి మీద చాలాకాలం కోపంగా ఉన్నాను. కొడుకును నాలుగు తిట్టి ఊరుకుంటే ఏం పోయేది? తలుచుకుంటే ఇప్పటికీ ఆయన్ని తిట్టుకుంటాను, వెంటనే ఏడుస్తాను.

దినాల లోపు ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లంతా అవ్వ పక్కన కూర్చుని, మా దిక్కు అందరూ అడిగే మాటే అడిగారు. "పోయేటప్పుడు ఏమన్న చెప్పిండా?"

మాట పడిపోయిందని నేను చెప్పబోయేదాన్ని. అవ్వ నన్ను చెప్పనిచ్చేది కాదు.

"చెప్పిండు," అనేది. "పొద్దుగాలంత చెప్పిండు. మాకే సమజ్ కాలే."