రాకాసి బిడ్డ గురుగు

మా చిన్నప్పుడు... తాండూరు దగ్గర మా కందిచేను గట్టున పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పాతి ఉండేవి. నడుమ రాళ్ల దిబ్బ. ఎప్పటివో ఎవరికీ తెలియదు. రాకాసులను పూడ్చిన బొందలట... "రాకాసి గూళ్లు" అనేవారు. పొద్దు వంగితే అటు చూడాలన్నా మాకు హడల్!

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం నాయన అక్కడ దున్నుతుంటే దిబ్బ అంచు విరిగింది. మట్టిలోంచి బుల్లి కుండ ఒకటి బయటపడింది... లోపల నలుపు, బయట ఎరుపు. అచ్చం మేము ఉత్తుత్తి వంటలు వండుకునే గురుగే! ఒడిలో దాచుకుని ఇంటికి ఉరికాను.

అమ్మ చూసి గుండెలు బాదుకుంది. "బొందల సొమ్ము ఇంట్లకు తెస్తవా? పారేసి రా పో!"

నేను ఏడుపు లంకించుకున్నాను. అంత చక్కని గురుగు మా వాడలో ఎవరికుంది చెప్పండి?

నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "రాకాసి గింత గురుగుల ఏం వండుకుంటదే? గిది దాని బిడ్డది!" అంది. "ఇయ్యాల ఆడుకో బిడ్డా. పొద్దుగూకకముందే ఇచ్చి రావాలె. గానీ ఒకరి గిన్నె ఉత్తగ ఇయ్యొద్దు, యాదికుంచుకో."

మా ఇళ్లలో అంతే... పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే, గుప్పెడు పల్లీలో బెల్లం ముక్కో వేయకుండా తిరిగి పోయేది కాదు.

ఆ రోజు ఆటే ఆట! వాడలోని ఆడపిల్లలంతా మా అరుగు మీదే. సాయంత్రం గురుగు నిండా జొన్న పేలాలు, బెల్లం పోసి, నాయనమ్మ కొంగు పట్టుకుని పోయి దిబ్బ సందులో పెట్టాను. నా భయం ఎటు పోయిందో గానీ, "మళ్ల వస్తనే!" అని కూడా చెప్పాను.

తెల్లారి చూస్తే గురుగు ఖాళీ! చీమలో, ఉడుతలో... నాకేం తెలుసు?

"తిన్నది! రాకాసి బిడ్డ తిన్నది!" అని ఊరంతా వినబడేలా అరిచాను.

"ఇగ మీరిద్దరు దోస్తులు" అని నాయనమ్మ పడీపడీ నవ్వింది. నా దోస్తు ఇల్లని నాయన ఇక ఆ దిబ్బ మీదికి నాగలి పోనివ్వలేదు.

ఇప్పుడక్కడ బండల గని. మొన్న ఒక మ్యూజియంలో అద్దం వెనక అలాంటి గురుగే కనబడింది... ఉత్తగా ఉంది. నా ప్రాణం ఉసూరుమంది.

మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటి గిన్నె రావడమే మానేసింది, నింపి పంపడానికి. మీ ఇంటికి ఇంకా వస్తున్నాయా? వస్తే... ఏం పెట్టి పంపుతున్నారు?