తిరిగిచ్చేసిన బంతి

నోరు జారి పెళ్లి సంబంధం చెడగొట్టుకున్నవాళ్లు మీకు చాలామంది తెలిసే ఉంటారు. అద్భుతమైన క్యాచ్ పట్టి చెడగొట్టుకోబోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం వినండి.

అప్పట్లో అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్లో ఒక టిఫిన్ సెంటర్‌లో దోసెలు వేసేవాణ్ణి. చదువు తొమ్మిదో తరగతిలోనే నన్ను వదిలేసింది, నేనూ పెద్దగా వెంటపడలేదు. అలాంటి నాకు, మా దగ్గరికి దోసె తినడానికొచ్చే దివ్య నచ్చింది. వింతేమిటంటే, దివ్యకి నేనూ నచ్చాను. ఇక మిగిలింది వాళ్ల నాన్న. ఆయన రిటైరైన డాక్టరు. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే బేస్‌బాల్ గేమ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని చూడాలని ఆయన సిద్ధాంతం. అలా ఒక ఆదివారం నాకు పరీక్ష పెట్టారు.

గ్యాలరీలో మా ముగ్గురికీ ముందు వరుసే. పెద్దాయన ఎడమ చేతికి పాత తోలు గ్లవ్ తొడుక్కుని కూర్చున్నారు. పాపం, చేతినొప్పేమో అనుకుని అడగలేదు.

నేను క్రికెట్ చూస్తూ పెరిగిన ప్రాణిని. రెండు గంటలైనా బోర్డు మీద అటు సున్నా, ఇటు సున్నా. విస్తరి వేసి వడ్డన మరిచిపోయిన పెళ్లిలా ఉంది. ఉండబట్టలేక, "అంకుల్, ఇంకా ప్రాక్టీసేనా?" అన్నాను. ఆయన నన్ను ఎక్స్‌రే చూసినట్టు చూశారు. దివ్య నా కాలు తొక్కి, "సూపర్ టైట్ గేమ్ ఇది. ఒక్క రన్ చాలు. నువ్వు ప్లీజ్ మాట్లాడకు" అంది.

చివరి ఇన్నింగ్స్‌లో మా జట్టు బ్యాటర్ ఒకడు బలంగా బాదాడు. బంతి ఆకాశంలోకి లేచి, అడ్రస్ తెలిసినట్టు నేరుగా మా వైపే వచ్చింది. పెద్దాయన లేచి, తీర్థానికి చెయ్యి చాపినట్టు గ్లవ్ చాపారు. నేనూ లేచాను. రోజంతా వేడి పెనం దగ్గర కాలిన చేతులు నావి, బంతికి భయపడతాయా? ఆయనకి అడ్డంగా వంగి, గ్లవ్‌కి జానెడు ముందు, ఉత్త చేతులతో పట్టేశాను. స్టేడియం దద్దరిల్లింది. అదంతా నాకోసమే అనుకున్నాను.

ఇప్పుడు మీరే చెప్పండి, సిక్సుకి వెళ్లిన బంతి దొరికితే మనవాళ్లు ఏం చేస్తారు? తిరిగి లోపలికి విసురుతారు. లేకపోతే ఆట సాగేదెలా? నేనూ అంతే. ఒంట్లో బలమంతా కూడదీసుకుని గ్రౌండ్‌లోకి విసిరి, కానివ్వండి కానివ్వండి అని చప్పట్లు కూడా కొట్టాను.

కానివ్వడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆ ఒక్క పరుగుతోనే ఆట ముగిసింది. అవతలి జట్టు ఫీల్డరు తల దించుకుని వెళ్లిపోతున్నాడు, నా బంతి కుక్కపిల్లలా అతని వెనకే దొర్లింది. మా వరుసంతా నెత్తిన చేతులు పెట్టుకుంది.

"ఇక్కడ పట్టినవాళ్లే ఉంచుకుంటారు," అంది దివ్య మెల్లగా. "నేను పుట్టకముందు నుంచీ డాడీ ఆ గ్లవ్ తెస్తున్నారు. ఒక్క బాల్ కూడా రాలేదు."

పక్కకి చూశాను. గ్లవ్ ఇంకా తెరిచే ఉంది.

తిరుగుప్రయాణంలో దివ్య డ్రైవ్ చేస్తోంది. ముందు సీట్లో ఆయన, వెనక నేను, మధ్యలో నా సారీలు. అవీ అయిపోయాయి. ఒక సిగ్నల్ దగ్గర ఆయనే అడిగారు.

"మీ క్రికెట్‌లో బాల్ ఉంచుకోరా?"

"ఉంచుకోనివ్వరంకుల్. ఇచ్చెయ్యాల్సిందే."

"అలవాటైపోయిందన్నమాట. రేపు మా అమ్మాయిని కూడా ఇలాగే తిరిగిచ్చేస్తావా?"

ఆయన సీటు పట్టుకుని ముందుకి వంగాను. "ఆట ఆగిపోయినా సరే, ఇవ్వనంకుల్" అన్నాను.

గ్రీన్ పడింది. దివ్య కదల్లేదు, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. పెద్దాయన భుజాలు కదులుతున్నాయి. బంతి కోసం ఏడుస్తున్నారనుకుని హడలిపోయాను. ఆయన నవ్వుతున్నారు.

"శనివారం ఇంకో గేమ్ ఉంది, రా," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకో."

ఇప్పుడాయన నాకు మామగారు. బంతి ఇంకా రాలేదు. ఈ సీజన్‌లో తప్పకుండా వస్తుందని ఆయన నమ్మకం, నాదీ అదే. అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆయన పక్కన కూర్చున్నంతసేపూ ఆకాశం నుంచి ఏది ఊడిపడినా చెయ్యెత్తను. నేరుగా నా నెత్తిన పడిందా, బొప్పి నాది, బంతి మామగారిది.