అమ్మ తల్లిగారింటికి పోలేదు

మా చిన్నప్పుడు... మా నానక్‌రామ్‌గూడ ఇంకా ఊరే, నగరం అంతదూరం రాలేదు. తమ్ముడు పుట్టి నాలుగు నెలలైంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. వాడు ఏడ్చినా లేచేది కాదు. జడ వేయమని నేను వెళ్తే, దువ్వెన చేతిలో పట్టుకొని అలాగే కూర్చుండిపోయేది...

నాయనమ్మ బద్ధకం అంది. వాడకట్టు వాళ్ళు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. అమ్మ ఏదని అడిగాను. తమ్ముడికి సీసా పాలు పడుతున్న నాయనమ్మ తల ఎత్తకుండా చెప్పింది.

"మీ అమ్మకు మీరు వద్దంట. తల్లిగారింటికి పోయింది."

నాయన అక్కడే ఉన్నాడు. కాదనలేదు. నాకు ఎనిమిదేళ్ళు... నమ్మాను.

రెండు నెలలకు అమ్మ వచ్చింది. చేతులు చాచింది. నేను నాయనమ్మ వెనక్కి వెళ్ళిపోయాను. మళ్ళీ ఎప్పుడూ అమ్మతో జడ వేయించుకోలేదు. జ్వరమొచ్చినా నాయననే పిలిచేదాన్ని. ఎందుకని అమ్మ ఒక్కసారీ అడగలేదు.

పోయిన ఏడాది నాకే ఏదో అయింది. ఇప్పుడు నా ఆఫీసు మా ఊరి పొలాల్లో లేచిన టవర్‌లోనే. మీటింగుల్లో బాగానే మాట్లాడేదాన్ని... ఇంటికొస్తే స్నానానికి కూడా లేవలేకపోయేదాన్ని. అన్నం రుచి లేదు, నిద్ర లేదు.

ఇది బద్ధకం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అంది డాక్టరమ్మ. ఒక్క కారణం ఉండదట. వంశంలో ఉండొచ్చు, కాన్పు తర్వాత రావొచ్చు, దిగమింగిన దుఃఖం, పని ఒత్తిడి... ఏవేవో కలుస్తాయి. ఒక్కోసారి కారణమే దొరకదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. లేదన్నాను.

ఆ మాట ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. అప్పుడు చెప్పాడు.

"మీ అమ్మకు గూడ గిదే ఉండె బిడ్డా... దవాఖానల పెట్టినం."

నాయన చూడబోయినప్పుడల్లా అమ్మ పిల్లల్ని తీసుకురమ్మని ఏడ్చేదట. తీసుకుపోలేదు. తల్లి పిచ్చిదని పేరు పడితే రేపు నాకు పెళ్ళి కాదని! పైగా ఎవరికీ చెప్పనని అమ్మతో తమ్ముడి తల మీద ఒట్టు వేయించుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళి అమ్మను అడిగాను... నాకైనా ఎందుకు చెప్పలేదని.

"ఒట్టేసిన గదా," అంది. పొయ్యి తగ్గించి, "దవాఖానల గంత గోస లేదు బిడ్డా. ఇంటికొచ్చినంక నువ్వు దగ్గరికి రాలే... గదే గోస."

మందులు వాడుతున్నాను. నయంగానే ఉంది. డాక్టరు దగ్గరికి ప్రతిసారీ అమ్మే తోడొస్తుంది. నాయనతో అవసరానికే మాట్లాడుతున్నాను... ఇంకా మనసు రావడం లేదు.

ఇప్పుడు మనసు బాగాలేకపోతే చెప్పమని ఆఫీసు లిఫ్టులోనే బోర్డు పెడుతున్నారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్కరు నోరు విప్పి ఉంటే... అన్నేళ్ళు నాకు అమ్మ ఉండేది.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా పేరు మార్చి దాచిన జబ్బులున్నాయా? చిన్నప్పుడు మీకేం చెప్పారో రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.