వికారాబాద్‌లో దిగిపోయిన రోజు

మా కాక పోయాడని తాండూరు నుంచి టెలిగ్రాం వచ్చినప్పుడు నేను బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. కాక మంచివాడని పదిమందీ చెబుతారు. ఆయనకు నేను చేసింది మాత్రం నేనే చెప్పాలి.

కాక అంటే మా నాన్న తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. బండల గనిలో పని. తీసిన ప్రతి నాపబండనూ సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. ఖంగున మోగితే మంచి బండ, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. "పైకి సూస్తె ఏం తెలుస్తది బిడ్డా, తట్టి సూడాలె" అనేవాడు. నా నెత్తిమీద కూడా వేలి కణుపుతో తట్టి, "మంచిగనే మోగుతుంది" అని నవ్వేవాడు.

ఒక వానాకాలం గని అంచు కూలింది. ఏళ్ల తరబడి కాకతో జోడీగా పనిచేసిన దోస్తు ఒకాయన రాళ్ల కింద పడ్డాడు. రాళ్లు తీస్తున్నంతసేపూ కాకకు ఆయన కేక వినబడుతూనే ఉందట. తీసేసరికి ఆగిపోయింది.

ఆ తర్వాత కాక దేన్నీ తట్టలేదు. వంటింట్లో గిన్నె పడినా చేతులు నెత్తిన పెట్టుకుని గోడకు ఒదిగిపోయేవాడు. కప్పు కింద పడుకునేవాడు కాదు. గాలి సోకిందని నాయనమ్మ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. చివరికి దవాఖాన డాక్టరు చెప్పాడు. "గాలీ లేదు, ధూళీ లేదు. ఆ దినం జరిగింది ఇంకా లోపల జరుగుతనే ఉంది. పట్నంల గిసొంటివి సూసే డాక్టరున్నడు. చీటీ రాసిస్త, తోలుకపోండ్రి."

పిచ్చి డాక్టరా అని నాన్న మొహం తిప్పుకున్నాడు. నేను తీసుకుపోతానన్నాను. పోవాల్సిన రోజు తెల్లారకముందే కాక గడ్డం గీసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని అరుగుమీద కూర్చున్నాడు.

అప్పటికి నాకు నవాబుపేట సంబంధం ఖాయమై ఉంది. రైలు కదిలాక చూద్దును కదా, ఎదురు బల్లమీద పిల్లగాని మేనమామ.

"ఏం బిడ్డా, ఎటు పోతున్నరు?"

చీటీ నా పిడికిట్లో ఉంది. "వికారాబాద్ దాకనే, చుట్టాల తానకు" అన్నాను. ఆయనేమో పట్నం పోతున్నాడు. అబద్ధం ఆడాక దిగక తప్పుతుందా. వికారాబాద్‌లో దిగిపోయాం. కాక తువ్వాల భుజాన వేసుకుని నా వెనకే దిగాడు.

స్టేషన్ బయట చాయ్ తాగుతూ, "తర్వాత బండికి పోదం కాకా" అన్నాను.

"వద్దు బిడ్డా, నీ లగ్గం కానీ. నా ఫికర్ చెయ్యకు, జర మంచిగనే ఉంది నాకు" అన్నాడు. ఆయన చేతిలో సాసర్ గలగలమంటోంది. అది వింటూనే నేను ఆ మాటను పట్టుకున్నాను. నాకు కావలసిందీ అదే.

లగ్గమైంది. మళ్లీ తీసుకుపోలేదు. ఒక ఏడు కాన్పు, ఒక ఏడు బదిలీ, సాకులకేం కరువు. కాక పదిహేనేళ్లు అరుగుమీదే పడుకున్నాడు.

కిందటేడు కంటి ఆపరేషన్‌కు ఆయనను పట్నం తీసుకుపోయాను. కంటి జబ్బుకు సిగ్గుపడేవాళ్లు లేరు కదా. రైలు వికారాబాద్‌లో ఆగగానే కాక తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

"దిగుదమా బిడ్డా?"

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. మేం దిగే చోటు అదేననుకున్నాడు. ఇంకా పోవాలి కాకా అని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఏడుపు దాచుకుందామని తల వంచుకున్నాను. ఆయన వేలి కణుపుతో నా నెత్తిమీద మెల్లగా తట్టాడు. అక్కడే చెవి పెట్టి విన్నాడు. ఎట్లా మోగిందో చెప్పలేదు.