ఒకవైపే చెక్కిన పుల్లలు

తను పెరిగిన ఇంట్లో ఒక్క రాత్రి పడుకోవడానికి అద్దె కట్టడమేమిటని థోరా ఎల్లింగ్‌సన్ దారి పొడవునా సణుగుతూనే ఉంది. కారు నడుపుతున్న చెల్లెలు వెల్డా ఆ సణుగుడు ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తోంది.

"కట్టింది నేను. నీ సొమ్మేం పోయిందక్కా?"

"సొమ్ము కాదే. నాన్న ఇల్లది."

"నాన్నదెప్పుడయిందీ? అప్పుడూ సర్కారుదే, ఇప్పుడూ సర్కారుదే. నాన్న జీతగాడు."

థోరా మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

వాళ్ళ నాన్న ఆర్నే ఐడహో కొండల్లో అటవీశాఖ కాపలాదారు. మంచు కరగ్గానే భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని స్పూన్ క్రీక్ ఒడ్డున దుంగలతో కట్టిన కేబిన్‌కి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ మంచు పడేదాకా అదే కాపురం. కంచర గాడిదల మీద పిండీ ఉప్పూ చేరవేయడం, అడవిలో ఎక్కడ పొగ లేస్తే అక్కడికి పరుగెత్తడం ఆయన ఉద్యోగం. ఓసారి గాడిద బెదిరి లాగితే తాడులో చిక్కుకుని ఎడమచేతి బొటనవేలు తెగిపోయింది. "తొమ్మిది చాలు, పదోది దండగ" అని తనే నవ్వేవాడు.

తర్వాత థోరా ఊళ్ళో బడి వంటశాలలో చేరి, తల్లులకి వండిపెట్టిన చేత్తోనే వాళ్ళ పిల్లలకీ వండిపెట్టింది. పెళ్ళి చేసుకుంది, భర్తని మట్టిలో పెట్టింది. నాన్న పోయాక అటవీశాఖ వాళ్ళు కేబిన్‌ని వచ్చేపోయే వాళ్ళకి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ దారి తొక్కలేదు. ఊరూ పేరూ తెలియని వాళ్ళు నాన్న కుర్చీలో కూర్చుని బీరు తాగుతున్నారని ఊహించుకుని ఇన్నేళ్ళూ కడుపు మండించుకుంది.

ఇప్పుడు కేబిన్ పైకప్పు పాడయింది. బాగుచేసి అద్దెకిస్తూ ఉండాలా, పలకలు కొట్టి మూసెయ్యాలా అని గురువారం ఊళ్ళో సమావేశం. వెల్డా అప్పట్లో చంకపిల్ల. అక్కడ బతికిన రోజులు గుర్తున్న మనిషి ఇక థోరా ఒక్కతే కాబట్టి ఆవిడ మాటకి అందరూ తలూపుతారు. ఆ మాట ఏమిటో ఊరందరికీ ముందే తెలుసు: మూసెయ్యండి. వెల్డా ఒక్కతే అడ్డుపడింది. "ఒక రాత్రి ఉండి చూడు. తర్వాత నీ ఇష్టం."

తలుపు తాళానికి అంకెలు తిప్పాలి. వెల్డా చదువుతుంటే థోరా తిట్టుకుంటూ తిప్పింది. లోపలి వాసన తగలగానే తిట్లు ఆగిపోయాయి. పొగ, పైన్ జిగురు, ఎలకలు, మరిగి మరిగి మాడిన కాఫీ. అమ్మ పాన్‌కేకులు పోసిన ఇనప పొయ్యి అక్కడే ఉంది. కొండల్లో కాసే హకిల్‌బెర్రీ పళ్ళు నూరి నూరి ఊదారంగు పట్టిన బల్ల అక్కడే ఉంది. థోరా ఆ బల్లని ఓసారి నిమిరింది. అయినా పట్టు వదల్లేదు. అలమర మీద వేలితో గీసి చూసింది, దుమ్ము లేదు. మంచం కిందకి వంగి చూసింది, సీసాల్లేవు. తప్పు దొరక్కపోయేసరికి చిరాకు రెట్టింపయింది.

"ముందు పొయ్యి వెలిగించక్కా, చచ్చే చలి."

ఆ కొండల్లో కేబిన్ వదిలి వెళ్ళేవాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళ కోసం పొయ్యిలో కట్టెలు పేర్చి పోవాలి. తడిసి, వేళ్ళు కొంకర్లు పోయి వచ్చినవాడికి అగ్గిపుల్ల గీయడమొక్కటే మిగలాలి. థోరా పొయ్యి తలుపు తీసింది. కట్టెలు పేర్చి ఉన్నాయి. వాటి కింద, త్వరగా అంటుకోవడానికి దేవదారు పుల్లలు ఉన్నాయి. కత్తితో పొట్టు లేపి, ఊడిపోకుండా ఉంగరాల్లా పుల్లకే వదిలేసిన పుల్లలు. లోకంలో అందరూ పుల్లని తిప్పుతూ చుట్టూ చెక్కుతారు. ఇవి ఒకవైపే చెక్కి ఉన్నాయి.

థోరా నేల మీద చతికిలబడింది. బొటనవేలు లేని చేత్తో పుల్లని తిప్పడం నాన్నకి కుదిరేది కాదు. మోకాలికి అదిమిపెట్టి ఒకవైపే చెక్కేవాడు.

"వెలిగించవేం?"

"వెలిగించను. నాన్న చేతిపని ఇది."

"నాన్న పోయి ఎంత కాలమయింది తల్లీ! నిన్న ఖాళీ చేసినవాళ్ళెవరో చెక్కుంటారు."

"ఎవరో ఇలా ఎందుకు చెక్కుతారే?"

ఇద్దరూ కోట్లు విప్పకుండానే చల్లటి బీన్స్ తిని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నారు.

పొద్దున్న, తర్వాత దిగాల్సిన ఆవిడ కాస్త ముందే వచ్చేసింది. పేరు మారిసోల్ కింటానా, ఏటా మొగుడితో వస్తుందట. మొగుడు కారులోంచి సామాను దించుతుంటే, లోపల వణుకుతున్న ఇద్దరు ముసలమ్మల్ని చూసి ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, పొయ్యి వెలిగించుకోలేదా పెద్దమ్మా? పుల్లలు చెమ్మగిల్లాయా?"

"ఇలాంటివి నువ్వూ చెక్కుతావా?" అంది థోరా.

"వెళ్ళేరోజు చెక్కే పోతాం. ఇక్కడ ఒకవైపే చెక్కాలి."

"ఎందుకట?"

"ఏమో! మొదటిసారి నేను చుట్టూ చెక్కుతుంటే, తర్వాత దిగడానికొచ్చిన ముసలాయన పుల్ల లాగేసుకున్నాడు. 'ఇది స్పూన్ క్రీక్ పిల్లా, ఇక్కడిలా కాదు' అని. ఆయనకి ఇంకెవరో నేర్పారట. ఒకవైపు చెక్కితేనే కలిసొస్తుందంటాడు మా ఆయన."

థోరాకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. తను ఇన్నేళ్ళూ తిట్టిపోసిన జనమే నాన్న చేతిపనిని ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తూ వచ్చారు. కన్నకూతురు తను, తనకి పుల్ల చెక్కడమే రాదు.

"కలిసి రావడానికి కాదమ్మా. మా నాన్నకి బొటనవేలు లేదు."

మారిసోల్ తన బొటనవేలి వంక చూసుకుంది. మెల్లగా అడిగింది. "మరి... ఇకనుంచి చుట్టూ చెక్కమంటారా?"

"చంపేస్తాను!" అంది థోరా.

అగ్గిపుల్ల తనే గీసింది. కాఫీలయ్యాయి. పొయ్యి చల్లారాక బూడిద ఎత్తి, మారిసోల్ వద్దంటున్నా వినకుండా, దిగేవాళ్ళ కోసం పేర్చాల్సింది వెళ్ళేవాళ్ళేనని కత్తి అడిగి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో మారిసోల్ చూపించింది. మొదటి పుల్ల విరిగింది, రెండోదీ విరిగింది.

"గురువారం ఏం చెప్తావక్కా?" అంది వెల్డా.

"పైకప్పు ఎక్కేవాళ్ళెవరని అడుగుతా. నువ్వు సుత్తి తీసుకురా."

థోరా ఎడమచేతి బొటనవేలిని అరచేతిలోకి మడిచేసి, మూడో పుల్లని మోకాలికి అదిమిపెట్టింది.